కండ్లకు మంచిదని

దుర్గవ్వ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువులో ఇప్పటికీ ఆమెకు గుర్తున్నవి రెండే. ఒకటి పదమూడో ఎక్కం. అన్ని ఎక్కాలూ పోయి అదొక్కటే ఎందుకు మిగిలిందో ఆమెకూ తెలియదు. రెండోది సైన్సు పుస్తకంలో ఒక బొమ్మ. పాలకూర కట్ట, కోసిన బొప్పాయి పండు, పక్కన ఒక క్యారెట్టు. ఇవి తింటే కళ్లకు మంచిదని కింద రాసి ఉండేది. పిల్లలందరి చేత టీచరు ఆ మాటను గట్టిగా పదిసార్లు చెప్పించింది.

వేములవాడ పట్టణం చివర, సాంచాల షెడ్లు నడిచే వాడలో ఆమె ఇల్లు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. భర్త సదానందం ఇరవై ఆరేళ్లుగా సాంచాలే నడుపుతున్నాడు. హనుమండ్లు అనే ఆసామి షెడ్డులో ఎనిమిది సాంచాలు అతని చేతికింద ఉండేవి. సాంచ దానంతటదే నేస్తుంది కానీ తెగిన పోగును దానంతటదే కలుపుకోదు. మనిషి వాటి మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగిందో చూసి, వెంటనే ముడి వెయ్యాలి. చూడకపోతే గుడ్డ మీద ఆ మేరకు గీత పడుతుంది. వేలమంది జనంలోంచి మనవాడి తల గుర్తుపట్టినట్టు, వేల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని సదానందం దూరం నుంచే పట్టేవాడు. ఆ పేరు అతనికి ఆ వాడంతా ఉంది.

దుర్గవ్వ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, నవీన. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో వచ్చిపోతుంది.

సదానందానికి షుగర్ ఉందని నాలుగేళ్ల కిందట వాడలో పెట్టిన శిబిరంలో తేలింది. మాత్రలు ఇచ్చారు. ఒళ్లు బాగాలేదనిపించిన రోజు వేసుకునేవాడు, బాగున్న రోజు మానేసేవాడు. బాగున్న రోజులే ఎక్కువ.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం, వీధి దీపాలు ఇంకా వెలగని వేళ, షెడ్డు నుంచి వస్తున్న సదానందానికి కాలేజీ నుంచి వస్తున్న నవీన సందు మలుపులో ఎదురుపడింది. నవ్వుతూ అడ్డం నిలబడింది. సదానందం ఆగి, తల కొంచెం పక్కకు వంచి, "ఎవలు బిడ్డా?" అన్నాడు.

నవీన నవ్వు ఆగిపోయింది.

ఇంటికి రాగానే తల్లికి చెప్పింది. "అవ్వా, బాపు నన్ను ఆనవాలు పట్టలేదే. గింత దగ్గర నిలవడ్డ."

"సందుల లైటు లేకపాయె," అన్నాడు సదానందం కాళ్లు కడుక్కుంటూ. "దినమంత తెల్లగుడ్డ సూసి సూసి కండ్లు అలసిపోతయి. గంతే."

"దవఖానకు పోదాం పా," అంది దుర్గవ్వ.

"పోదాం తియ్యి. గీ మాలు దిగనియ్యి."

నేత అయిపోయి ఆ మాలు దిగింది. ఇంకో మాలు ఎక్కింది. ఈలోగా దుర్గవ్వకు బళ్లో చెప్పించిన ఆ మాట గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు పోయి క్యారెట్లు తెచ్చింది. ఆ ఇంట్లో క్యారెట్టు చుట్టాలొచ్చినప్పుడు కుర్మాలో పడేదే తప్ప, దాన్ని పచ్చిగా ఎవరూ తిన్నది లేదు. ఉడికిస్తే సత్తువ పోతుందని, పచ్చిగా తింటేనే ఒంటికి పడుతుందని దుర్గవ్వ అనుకుంది.

ముడతల్లో ఇరుక్కున్న మట్టి పోయేదాకా కొబ్బరిపీచుతో రుద్ది కడిగింది. తొడిమలు కోసి, పైతోలు కత్తితో పలచగా గీసేసింది. చిల్లుల రేకు మీద ఒక్కొక్కదాన్నే గీకింది. అరచేయంతా నారింజరంగు పట్టింది. పల్లీలు వేయించి, పొట్టు ఊది, రోట్లో బరకగా దంచింది. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ, గుప్పెడు కొత్తిమీర కలిపి, ఉప్పు వేసి, నిమ్మకాయ పిండింది. ఉప్పు ముందే వేయడంతో సదానందం స్నానం చేసి వచ్చేసరికి గిన్నె అడుగున నీళ్లు ఊరాయి. తర్వాతి రోజు నుంచి ఉప్పు, నిమ్మరసం అతను పీట మీద కూర్చున్నాకే కలపడం నేర్చుకుంది.

"గిదేందే?" అన్నాడు సదానందం మొదటి ముద్ద నమిలి. "కూరా గాదు, పచ్చడి గాదు."

"కండ్లకు మంచిది. తిను."

"తియ్యగున్నది."

"తియ్యగుంటే ఏమైతది? చక్కెర కలిపిన్నా నేను? తిను."

తిన్నాడు. రోజూ తిన్నాడు. అతను తింటున్నంతసేపూ దుర్గవ్వ ఎదురుగా కూర్చుని అతని ముఖంలోకి చూసేది. గిన్నె ఖాళీ అయ్యాక "ఎట్లున్నది? ఏమన్న తేడా కొడుతుందా?" అని అడిగేది. "సూద్దాం" అనేవాడు. ఇరవై రోజులు అలా గడిచాయి. ఒక పొద్దున ఆమె అడగకముందే అతనే అన్నాడు.

"నిజమేనే దుర్గా. జర తేటగ కనవడుతుంది."

దుర్గవ్వ ఆ రోజు బీడీల చాట ముందు కూర్చుని పని సాగక ఊరికే నవ్వుకుంది. నలభై ఐదేళ్ల బతుకులో ఎవరో చెప్పింది చేయడమే తప్ప, తానుగా ఆలోచించి ఒక కష్టాన్ని తీర్చిన సందర్భం ఆమెకు లేదు. పెళ్లి, బీడీ, బియ్యం, బిడ్డ చదువు, అన్నీ ఎవరో ఒకరు నడిపించినవే. ఇదొక్కటి తన బుర్రలోంచి వచ్చింది. పక్కింటి లింగవ్వకు చెప్పింది. నీళ్ల నల్లా దగ్గర మరో ఇద్దరికి చెప్పింది.

నవీన మాత్రం నమ్మలేదు. ఒక ఆదివారం క్యాలెండర్‌ను గోడ నుంచి తీసి తండ్రి ముందు పట్టింది.

"బాపూ, ఇయ్యాల గీడ ఏం రాసున్నదో సదువు."

"ఏకాదశి," అన్నాడు సదానందం వెంటనే.

నవీన క్యాలెండర్‌ను మళ్లీ గోడకు తగిలించింది. పొద్దున టీవీలో గుళ్లో రద్దీ గురించి చెబుతూ ఆ ముక్క రెండుసార్లు అన్నారని ఆమెకు తెలియదు. అప్పుడే నిద్రలేచింది.

చలి పోయింది. ఎండలు వచ్చాయి. ఎండాకాలం క్యారెట్లు వడలిపోయి, మధ్యలో గట్టిపడి వచ్చేవి. దుర్గవ్వ ఆ గట్టి పుల్ల తీసేసి, చుట్టూ ఉన్న మెత్తటిదే గీకేది. ఒక్కరోజూ మానలేదు. సదానందం పొద్దు వాలాక బయటికి పోవడం మానేశాడు. టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంటున్నాడు. చెప్పులు కాలితో తడిమి తొడుక్కుంటున్నాడు. అవన్నీ దుర్గవ్వ కళ్ల ముందే జరిగాయి.

వానలు మొదలైన వారానికి, ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి మనిషి వచ్చి హనుమండ్లు రమ్మంటున్నాడని చెప్పాడు. దుర్గవ్వ చాట దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున పోయింది.

షెడ్డులో మిగతా సాంచాలు ఆగలేదు కానీ సదానందం నడిపే ఎనిమిదీ ఆగి ఉన్నాయి. అతను గోడ పక్కన నూలు మూట మీద కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టుకు తడిగుడ్డ చుట్టారు. చేయి అప్పటికే ఉబ్బింది.

"ఏమైంది?" అంది దుర్గవ్వ.

హనుమండ్లు వయసులో సదానందం కన్నా చిన్నవాడు. కోపంగా లేడు. ఎట్లా చెప్పాలో తెలియక నలుగుతున్నాడు. నేసిన గుడ్డ చుట్ట ఒకటి తెచ్చి ఆమె ముందు కొంచెం విప్పాడు. తెల్లగుడ్డ నిండా సన్నటి నిలువు సందులు. పోగు తెగి, ఎవరూ కలపక, అట్లాగే చాలా దూరం నడిచిపోయిన సందులు.

"గీ గుడ్డ సూడు వదినా. నెల సంది గిట్లనే వస్తుంది. నూలే ఖరాబున్నదనుకున్న. ఇయ్యాల ఎనుక నిలవడి సూసిన. అన్న కండ్లతోని నడుపుతలేడు. చేత్తోని నడుపుతుండు."

దుర్గవ్వకు వెంటనే అర్థం కాలేదు. హనుమండ్లు చేత్తో చేసి చూపించాడు. నడుస్తున్న గుడ్డ మీద అరచేయి పరచి, తడుముతూ పోయి, ఎక్కడ సందు తగిలితే అక్కడ పోగు వెతికి ముడి వేస్తున్నాడట. ముడి వేయడానికి అతనికి చూపు అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ల అలవాటు. ఈ రోజు చేయి ఒక జానెడు అవతలికి పోయింది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కర్ర వచ్చి మణికట్టు మీద పడింది.

దుర్గవ్వ భర్త ముందు కూర్చుంది. "తేటగ కనవడుతుందంటివి గదా?"

సదానందం గొంతు వచ్చిన వైపు తిరిగాడు. అతని చూపు ఆమె ముఖం మీద కాక, భుజం అవతల ఎక్కడో ఆగింది.

"పొద్దుగాల్ల నుంచి కుడికన్నుల నల్లటి దారాలు ఆడుతున్నయే," అన్నాడు.

మర్నాడు ముగ్గురూ కరీంనగర్‌లో కంటి దవఖానకు పోయారు. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. మళ్లీ వేసి మళ్లీ కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. డాక్టరమ్మ రెండు కళ్లూ చాలాసేపు చూసి, కాగితాల మీద రాసుకుంటూ అడిగింది.

"షుగర్ ఎన్నేళ్ల నుంచి?"

"నాలుగేండ్లు," అంది నవీన.

"చూపు తగ్గి ఎన్నాళ్లయింది?"

దుర్గవ్వే ముందుకు జరిగి చెప్పింది. "ఏడు నెలల కింద జర తగ్గింది మేడం. మల్ల మంచిగైంది. నేను దినాం పచ్చి క్యారెట్లు గీకి పెట్టిన. ఒక్కరోజు తప్పలే. మంచిగైంది. నిన్ననే మల్ల ఏమైందో..."

డాక్టరమ్మ రాయడం ఆపింది. ముందు దుర్గవ్వను చూసి, తర్వాత సదానందాన్ని చూసింది.

"క్యారెట్ తినడం మంచిదేనమ్మా. తినొద్దని ఎవరూ అనరు. కానీ ఇది తిండి లేక వచ్చిన జబ్బు కాదు. షుగర్ వల్ల కంటి వెనక సన్నటి రక్తనాళాలు పాడై, చిట్లి, లోపల రక్తం కారింది. ఎంత మంచి తిండి పెట్టినా అది ఆగదు. మధ్యలో అంత బాగా నయమైపోయే జబ్బు కూడా కాదు. కొద్దికొద్దిగా తగ్గుతూనే వచ్చి ఉంటుంది." ఆమె సదానందం వైపు తిరిగింది. "మీకు తెలిసే ఉంటుంది కదా?"

సదానందం తల దించుకున్నాడు.

కుడి కంటి వెనక పొర ఊడిపోయిందని, ఆ చూపు తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎడమ కంటికి లేజర్ పెడితే ఇప్పుడున్న మసక చూపునైనా నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చంది. సాంచాల దగ్గరికి మాత్రం ఇక పోకూడదంది.

అందరూ లేచాక దుర్గవ్వ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఏడు నెలల కింద తోలుకొస్తే?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. "చాలావరకు కాపాడేవాళ్లమమ్మా," అంది.

బయట రేకుల పందిరి కింద బల్ల మీద దుర్గవ్వ, సదానందం కూర్చున్నారు. నవీన మందుల దగ్గర వరుసలో నిలబడింది. సన్నగా వాన పడుతోంది. సదానందం కళ్లకు నల్లటద్దాలు పెట్టారు.

"మంచిగైందని ఎందుకన్నవ్?" అంది దుర్గవ్వ.

అతను నల్లటద్దాలు ముక్కు మీద సరిచేసుకున్నాడు.

"కనవడుతలేదంటే నన్ను దవఖానకు గుంజుకపోదువు. వాళ్లు సాంచ ముట్టద్దందురు. ఇంకో పని నాకు రాదు గదనే."

"గందుకా?"

"గదొక్కటే గాదు." "నువ్వు దినాం గిన్నె ముందర వెట్టి నా మొహమే సూస్తుంటివి. ఎట్లున్నది, ఎట్లున్నది అని అడుగుతుంటివి. లేదనబుద్ధి గాకపోయేది. ఒక్కపారి అన్న, తేటగున్నదని. నువ్వు గంత సంబురపడితివి. అన్నంక దాన్ని మల్ల ఎనుకకు ఎట్ల తీసుకోవాల్నో తెల్వలే."

దుర్గవ్వ ఏడవలేదు. "నీ కన్ను పోయేదాక కూసోని నేను నీకు క్యారెట్లు తినవెట్టిన. గంతే గదా నేను చేసింది?"

సదానందం ఆమె చేయి కోసం పక్కకు చేయి చాపాడు. అతనికి దవఖాన కాగితాల సంచి దొరికింది. దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె సంచి తీయలేదు, చేయీ ఇవ్వలేదు.

వానాకాలం అంతా దవఖాన చుట్టూ తిరగడంతోనే గడిచింది. ఎడమ కంటికి మూడుసార్లు లేజర్ పెట్టారు. వెలుతురుకు ఎదురుగా నిలబడితే మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కుడికన్ను పూర్తిగా చీకటి. సదానందం మాత్రలు ఇప్పుడు ఒక్కటీ మానడం లేదు. వేళకు దుర్గవ్వే తెచ్చి అరచేతిలో పెట్టేది. పెట్టి వెళ్లిపోయేది. అవసరమైన మాటలు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

చదువు మానేసి ఏదైనా బట్టల దుకాణంలో చేరతానంది నవీన. "నీ పుస్తకాలు నువ్వు సదువుకో. ఇంటి సంగతి నేను సూసుకుంట," అంది దుర్గవ్వ. హనుమండ్లు తన షెడ్డులోనే ఆమెకు కండెలు చుట్టే పని ఇచ్చాడు. నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు ఎక్కించే పని అది. భర్త నడిపిన సాంచాలు ఇప్పుడు ఎవరో కొత్తవాడు నడుపుతున్నాడు. దుర్గవ్వ వాటికి వీపు పెట్టి కూర్చునేది.

మొదట్లో కోపమంతా భర్త మీదే ఉండేది. రోజులు గడిచేకొద్దీ, కండెలు తిరుగుతుంటే, ఆమెకు వేరే సంగతులు గుర్తురావడం మొదలైంది. చలికాలంలో ఒక పొద్దున అతని చేయి గిన్నెకు ఇవతల నేల మీద పడి వెతకడం గుర్తొచ్చింది. అప్పుడు తానేం చేసింది? గిన్నెను మెల్లగా అతని చేతికిందికి జరిపింది. జరిపి, "ఎట్లున్నది?" అని అడిగింది. అబద్ధమాడింది ఆయనొక్కడే కాదు, తానూ. ఆ మాట చాలా రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో క్యారెట్టును ఎవరూ ముట్టలేదు. చిల్లుల రేకును దుర్గవ్వ అటక మీదికి విసిరేసింది. నవీన ఒకసారి తెస్తే, ఆ క్యారెట్లు సంచిలోనే వడలి ముడుచుకుపోయాయి.

బతుకమ్మ రోజులు దగ్గరపడుతున్నాయి. ఒక మధ్యాహ్నం దుర్గవ్వ అన్నం తినడానికి ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. సదానందం వంటింట్లో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముందర పళ్లెం, పళ్లెంలో రేకు. అటక మీద నుంచి ఎట్లా దించుకున్నాడో గానీ, పక్కన పీట బోర్లా పడి ఉంది. వేళ్లతో క్యారెట్టు పొడవు కొలుచుకుంటూ గీకుతున్నాడు. ఇంకా ఎంత మిగిలిందో బొటనవేలితో చూసుకుని, మళ్లీ గీకుతున్నాడు. వేలి కణుపు దగ్గర తోలు లేచి రక్తం వచ్చింది. అది అతనికి తెలిసిందో లేదో.

దుర్గవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వచ్చినవా?" అన్నాడు సదానందం తల ఎత్తకుండా.

"ఎవలు తెచ్చిండ్రు గివి?"

"లింగవ్వను తెమ్మన్న. పచ్చి కూరగాయలు తినుమన్నది గదా డాక్టరమ్మ, షుగర్ పెరగద్దని." క్యారెట్టును తిప్పి పట్టుకుని, "కండ్లకు గాదు," అన్నాడు. "షుగర్‌కు."

అతను ముందే ఉప్పు చల్లి ఉంచిన తురుమంతా గిన్నెలోకి తోసి, పల్లీల పొడి తడిమి వేసి, నిమ్మకాయ పిండి, ఆమె నిలబడ్డ వైపు గిన్నె చాపాడు. దుర్గవ్వ ఎదురుగా కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పంటి కింద ఇసుక కరకరలాడింది. మింగేద్దామనుకుంది. అతను మెడ ముందుకు చాపి, చెవి అటు పెట్టి, ఆమె నమిలే చప్పుడు వింటున్నాడు.

"మట్టున్నది," అంది దుర్గవ్వ. "సక్కగ కడుగలే."

సదానందం ముఖం చిన్నబోయింది. "ఉప్పు?"

"ఎక్కువైంది. ముందుగాల్నే వేసినవ్, నీళ్లూరింది."

"ఇంకేం?"

"పల్లీలు మాడ్చినవ్. చేదొస్తున్నది."

అతను అన్నీ విని తలూపాడు. దుర్గవ్వ లేచి ఆ గిన్నెలోది బయట పారబోసి వచ్చింది. పాత చీర అంచు చింపి అతని వేలికి కట్టింది. కడుతూ ఉంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఎన్ని నెలలుగానో రానిది ఒక్కసారిగా వచ్చింది. అతను కట్టు కట్టిన చేతిని కదపకుండా అట్లాగే ఉంచాడు.

"నువ్వు చెయ్యి తడుముతుంటే నేను సూసిన," అంది ఆమె. "చలికాలంల. సూసి ఊకున్న."

"తెలుసే," అన్నాడు సదానందం. "గిన్నె నువ్వు జరిపితివి గదా. చప్పుడు విన్న."

పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. షెడ్డుకు వేళవుతోందని దుర్గవ్వ లేచింది. పోతూపోతూ మిగిలిన నాలుగు క్యారెట్లను నీళ్లలో నానేసింది, మట్టి వదిలేలాగా.

దసరా తర్వాత డాక్టరమ్మ ఎడమ కన్ను మళ్లీ చూసింది. చూపు పెరగలేదు, తగ్గలేదు, ఉన్నట్టే ఉంది అంది. ఇంతకన్నా మంచి కబురు ఇకపై రాదని ముగ్గురికీ తెలుసు. బస్సులో సదానందాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అతను ఎడమ కన్ను వెలుతురు వైపు పెట్టి, ఏవో పచ్చటి మసకలు వెనక్కి పోతుంటే, ఇంటిదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.